మెట్టు మెట్టుకూ తగ్గే గొంతు

మా చిన్నాయనకు చిత్తూరులో మైక్‌సెట్ అంగడి ఉండేది. పెండ్లిండ్లకు, జాతర్లకు, ఎన్నికల జీపులకు గొట్టం మైకులు, ఆంప్లిఫయర్లు బాడుగకిచ్చేవాడు. 1988 ఎండాకాలంలో పూతలపట్టు పక్కన ఒక పల్లెలో భారతం పెట్టారు. మా జిల్లాలో భారతం అంటే 18 దినాల ఉత్సవం. ధర్మరాజుల గుడి దగ్గర మధ్యాహ్నం హరికథ, రాత్రి తెల్లవార్లూ వీధినాటకం, కడపటి దినం పొద్దున దుర్యోధన వధ, సాయంత్రం అగ్నిగుండం. ఆ 18 దినాలకూ మైక్‌సెట్ మా చిన్నాయనది. బడికి సెలవులు కాబట్టి వైర్లు చుట్టే పనికి నన్నూ వెంటబెట్టుకుపోయాడు. నాకప్పుడు 12 ఏండ్లు.

అర్జున తపస్సు నాడు ఆయన ఒక టేపురికార్డరు తెచ్చి ఆంప్లిఫయరుకు తగిలించాడు. తపస్సు మాను చూడనివాళ్ళకు కొంచెం చెప్పాలి. మైదానంలో తాటిచెట్టంత పొడుగు మాను నాటి, దానికి మెట్లు కొడతారు. అర్జునుడి వేషం కట్టినాయన మెట్టుకొక పద్యం పాడుతూ ఎక్కుతాడు. కింద పిల్లల కోసం మొక్కుకున్న ఆడవాళ్ళు తడిబట్టలతో సాగిలపడి ఉంటారు. పైకి చేరినాక ఆయన విసిరే పండ్ల కోసం కొంగులు పడతారు. మైకు మాత్రం మాను మొదట్లోనే ఉండిపోతుంది. అందుకని ఆయన ఎక్కేకొద్దీ గొంతు సన్నబడుతూ వచ్చింది. నేను ఏదో పనిమంతుడిలాగా ఆంప్లిఫయరు బిరడా మీద చెయ్యి వేశాను. చిన్నాయన నా చెయ్యి తీసి పక్కన పెట్టాడు.

"తిప్పబాక రా అబ్బోడా. తిప్పితే గొట్టాలు కూస్తాయి. అదొకటి. ఇంకొకటి, వాడు పైకి పోతా ఉండాడు గదా. దూరం పోయేవాని గొంతు దూరంగానే ఇనపడాల."

రాక్ కచేరీ రికార్డింగుల మీద నాకున్న పిచ్చి ఎక్కడ మొదలైందని ఎవరైనా అడిగితే ఆ మైదానం దగ్గరికే పోవాలి. అప్పటికి నేను గిటారు మోత విననైనా లేదు.

విన్నది 1995 సెప్టెంబరులో, తిరుపతి బాలాజీ కాలనీలో ఒక మిద్దె గదిలో. నాతో గదిలో ఉండే సీనియర్‌కు మద్రాసు నుంచి వాళ్ళ మామ కొడుకు ఒక 90 నిమిషాల క్యాసెట్ నింపి పంపాడు. అట్ట మీద నీలం సిరాతో 'రోరీ, ఐరిష్ టూర్' అని మాత్రం ఉంది. బొమ్మ లేదు, పాటల పేర్లు లేవు. కింద ఇంటివాళ్ళు పడుకుని ఉంటారని సౌండు బాగా తగ్గించి, టేపురికార్డరు చాప మీద పెట్టుకుని, ఇద్దరం చెరోపక్క తల ఆనించి విన్నాం. నాకు ఇళయరాజా తెలుసు, భజనలు తెలుసు, భారతం పద్యాలు కొన్ని నోటికి వచ్చు. ఆ క్యాసెట్లో ఒక్క మాట అర్థం కాలేదు. అయినా అందులోని జనం నాకు కొత్తవాళ్ళు కారు. పాట ఎక్కడ మలుపు తిరగబోతుందో ముందే తెలిసిపోయి అరిచే జనం. ద్రౌపది కొప్పు ముడిచే ఘట్టం రాకముందే కదిలే మా ఊరివాళ్ళు కూడా అంతే.

ఆ పాడే మనిషి రోరీ గాలహర్. ఐర్లండ్‌వాడు. 1948 మార్చి 2న బాలీషానన్ అనే చిన్న ఊళ్ళో పుట్టి, కార్క్ పట్నంలో పెరిగాడు. 15 ఏండ్ల వయసులోనే పెండ్లిళ్ళకూ నాట్యాలకూ వాయించే బృందంలో చేరాడు. 1963లో కార్క్‌లోని ఒక వాయిద్యాల అంగట్లో 100 పౌండ్లకు పాత ఫెండర్ స్ట్రాటోకాస్టర్ ఒకటి కొన్నాడు. 1961 నాటి గిటారు అది. తరవాత దాన్ని ఎవరో ఎత్తుకుపోతే కొన్ని దినాలకు ఒక గుంటలో దొరికింది. వానకు నానిన చెక్క, ఆ పైన ఏండ్ల తరబడి ఆయన చెమట. రంగంతా రాలిపోయి చెక్క బయటపడింది. ఆయన దానికి మళ్ళీ రంగు వేయించలేదు. బతికినంతకాలం దాన్నే వాయించాడు. ఆయన పోయిన చాలా ఏండ్లకు, 2024 అక్టోబరులో, లండన్‌లో ఆ గిటారును వేలం వేశారు. కొన్నవాళ్ళు ఐర్లండ్ జాతీయ మ్యూజియానికి ఇచ్చేశారు. ఆ వార్త చదివిన రాత్రి నేను మళ్ళీ ఆ క్యాసెట్ కోసం అటక మీద పెట్టెలన్నీ వెతికాను.

ఒక మాట ఇక్కడే చెప్పేస్తాను. నేను ఆ క్యాసెట్ విన్న నాటికి ఆయన పోయి మూడు నెలలు. 1995 జూన్ 14న లండన్‌లో, కాలేయ మార్పిడి తరవాత సోకిన జబ్బుతో, 47 ఏండ్లకే పోయాడు. నాకు ఆ సంగతి తెలియడానికి ఇంకో రెండేండ్లు పట్టింది. ఆ రెండేండ్లూ ఆయన ఎక్కడో ఒక ఊళ్ళో, ఈ రాత్రి కూడా, వాయిస్తున్నాడనే నమ్మకంతో విన్నాను. స్టూడియో పాట వింటే నాకు అట్లా అనిపించి ఉండదు. స్టూడియో పాటకు ఫలానా రాత్రి అంటూ ఉండదు. కచేరీ టేపుకు ఉంటుంది. వినిన ప్రతిసారీ ఆ రాత్రి మళ్ళీ జరుగుతుంది.

ఐరిష్ టూర్ 1974లో రెండు ఎల్పీలుగా వచ్చింది. 1973 డిసెంబరు చివరి దినాల్లోనూ 1974 జనవరి మొదటి దినాల్లోనూ బెల్‌ఫాస్ట్, డబ్లిన్, కార్క్ పట్నాల్లో జరిగిన కచేరీలవి. రోనీ లేన్ అనే సంగీతకారుడికి ఒక సంచార స్టూడియో ఉండేది. ఆ బండిని హాళ్ళ దగ్గరికి తోలుకుపోయి రికార్డు చేశారు. బేస్ గిటారు గెరీ మెకవాయ్, కీబోర్డు లూ మార్టిన్, డ్రమ్స్ రాడ్ డియాత్. నలుగురే.

బెల్‌ఫాస్ట్ గురించి ఆగి చెప్పాలి. ఉత్తర ఐర్లండ్‌లో 1960ల చివర మొదలైన హింస ఆ ఏండ్లకు బాగా ముదిరింది. బాంబులు, వీథుల్లో సైన్యం, చీకటి పడితే తలుపులు. బయటి బృందాలు ఆ ఊరికి రావడం దాదాపు మానేశాయి. గాలహర్ మానలేదు. ఏటేటా ఆ ఊరి అల్‌స్టర్ హాల్లో వాయించాడు. కాథలిక్కుల పిల్లలూ ప్రొటెస్టంట్ల పిల్లలూ ఒకే హాల్లో పక్కపక్కన నిలబడి విన్నారు. ఈ సంగతులేమీ తెలియకముందే ఆ టేపులోని చప్పట్లలో ఏదో బరువుందని నాకు అనిపించేది. నేను తెలివైనవాణ్ణని కాదు. ఇంటి నుంచి ఊరికే బయటికి వచ్చిన జనం కొట్టే చప్పట్లు వేరు, రావాలా వద్దా అని ఆలోచించి, అమ్మ వద్దన్నా వచ్చిన జనం కొట్టే చప్పట్లు వేరు. మైకు రెండింటినీ ఒకే తీరుగా పట్టుకుంటుంది, చెవి మాత్రం విడదీస్తుంది.

ఇప్పుడు నా వాదన. అందులో ఒక పాట ఉంది, 'ఎ మిలియన్ మైల్స్ అవే'. ఒక మనిషి హోటలు బార్‌లో కూర్చుని ఉంటాడు. చుట్టూ మనుషులు, నవ్వులు, మాటలు. వాడి మనసు మాత్రం లక్షల మైళ్ళ అవతల ఉంటుంది. 1973లో వచ్చిన స్టూడియో రికార్డులో ఈ పాట ఏడు నిమిషాల లోపు. చక్కటి పాట, గిటారు ప్రతి బిందువూ చోటు తప్పకుండా పడుతుంది. కానీ ఆలోచించండి, జనం మధ్య ఒంటరిగా ఉన్న మనిషి పాటను అక్కడ ఒక ఖాళీ గదిలో పాడాడు. జనం మాటల్లో ఉన్నారు, గదిలో లేరు. ఐరిష్ టూర్‌లో అదే పాట తొమ్మిదిన్నర నిమిషాలు. ఇప్పుడు జనం నిజంగానే ఉన్నారు. నిండిన హాలు. పాట మధ్యలో గిటారు లోగొంతుకు దిగిపోయినప్పుడు ఆ హాలు ఊపిరి బిగబట్టిన నిశ్శబ్దం టేపు మీద పడింది. వందల మంది కలిసి చేసే నిశ్శబ్దాన్ని ఏ స్టూడియోలోనూ తయారు చేయలేరు. ఖాళీ గది నిశ్శబ్దంలో ఏమీ ఉండదు, ఈ నిశ్శబ్దంలో మనుషులున్నారు. అందరూ తనవైపే చూస్తుండగా తాను ఎక్కడో ఉన్నానని చెప్పే మనిషి ఆ పాటకు అసలు మనిషి. ఆ పాట ఆ హాల్లోనే పూర్తయింది. స్టూడియోలో చేసింది దానికి చిత్తుప్రతి.

ఇది అన్ని పాటలకూ వర్తిస్తుందని అనను. తిరుపతిలో బతికిన ఎవరూ అట్లా అనలేరు. నాలుగున్నరకు తలుపు తీసిన టీ అంగడి నుంచి సుబ్బులక్ష్మి గారి సుప్రభాతం వినబడుతుంది. ఏ శ్లోకం దగ్గర ఊపిరి తీసుకుంటారో కూడా మాకు తెలుసు. అది మారకూడదు. మారకపోవడమే దాని బలం. కొన్ని రికార్డులు గర్భగుడిలో మూలవిరాట్టు లాంటివి, కదలవు. కచేరీ టేపు ఉత్సవమూర్తి. వీథిలోకి రావాలి, జనం భుజాలు మార్చుకోవాలి, ఒక వీథిలో ఎండ, ఒక వీథిలో వాన. మూలవిరాట్టు ఉంది కదా, ఊరేగింపు ఎందుకు అని మా ఊళ్ళో ఎవరూ అడగరు. మరి స్టూడియో రికార్డు ఉంది కదా, మూడు ఊళ్ళ కచేరీలు ఎందుకు అని నన్నెందుకు అడుగుతారు?

అడిగేది మా ఇంటావిడే ఎక్కువ. "ఇదే పాట పొద్దున కూడా పెట్టినారే" అంటుంది. అది బెల్‌ఫాస్ట్‌ది, ఇది కార్క్‌ది అంటాను. 2014లో ఐరిష్ టూర్‌కు 40 ఏండ్లు నిండినప్పుడు ఆ కచేరీలను ఊరు ఊరుగా విడదీసి ఏడు సీడీలు, ఒక డీవీడీ పెట్టెగా వేశారు. కార్క్ ఆయన సొంత ఊరు. సొంత ఊళ్ళో మనిషి కొంచెం ఎక్కువసేపు ఉంటాడు, తొందరపడడు. ఈ తేడా నేను ఊహించుకుంటున్నానేమో అని ఒకప్పుడు అనుమానపడేవాణ్ణి, ఇప్పుడు పడను. ద్రౌపదీ వస్త్రాపహరణం కథ తెలియని మనిషి మా జిల్లాలో లేడు. అయినా పక్క ఊరి భారతానికి బండి కట్టుకుని పోతారు, ఈ సమితి దుశ్శాసనుడు ఎట్లా చేస్తాడో చూడాలని. తెలిసిన కథ కాబట్టే తేడా తెలుస్తుంది. పాట మొదటిసారి విన్నవాడికి పాట వినబడుతుంది. నలభయ్యోసారి విన్నవాడికి ఆ రాత్రి ఆ మనిషి వినబడతాడు.

సంగీత కచేరీలకు పోయేవాళ్ళకు ఇదంతా నేను కొత్తగా చెప్పనక్కరలేదు. 78 ఆర్‌పీఎం గ్రామఫోను ప్లేటుకు ఒక పక్క మూడు నిమిషాల చిల్లరే పట్టేది. గంటసేపు రాగం పాడగల విద్వాంసుడు ఆ మూడు నిమిషాల్లో ఆలాపన ముక్క, పల్లవి ముక్క కుక్కి పాడాల్సి వచ్చేది. ఆ తరం వాళ్ళ అసలు కొలత తెలియాలంటే ఎవరో రేడియో ముందు, ఎవరో సభలో మూల కూర్చుని పట్టిన టేపులే దిక్కు. రికార్డు కంపెనీ పెట్టిన కొలతలో ఇమడని సంగీతం ఒకటుంటుంది. గాలహర్‌కూ ఆ ఇబ్బందే. రేడియోలో తిరిగే చిన్న పాటలుగా తన సంగీతాన్ని కత్తిరించి సింగిల్స్ వేయడానికి ఆయన ఒప్పుకోలేదు. దానివల్ల ఏమి పోగొట్టుకున్నాడో ఆయనకు తెలుసు. లైవ్ ఇన్ యూరప్ 1972లో, ఐరిష్ టూర్ 1974లో, స్టేజ్ స్ట్రక్ 1980లో. పదేండ్లు తిరక్కుండానే మూడు కచేరీ ఆల్బములు. తన మాట నిలబడే చోటు ఏదో ఆయనకు తెలుసని నేను నమ్ముతాను.

ఇక నన్ను నిజంగా ఇరుకున పెట్టిన వాదన మా అమ్మాయిది. హైదరాబాదులో వీడియోలకు సౌండు సరిచేసే ఉద్యోగం తనది. "నాన్నా, స్టూడియోలో ఆయన తనకు నచ్చేదాకా వాయించి ఎంచుకున్నాడు. స్టేజి మీద జరిగింది జరిగినట్టు వదిలేశాడు. ఏది ఆయన మాట?" అంటుంది. మంచి ప్రశ్న. దానికి తోడు, లైవ్ అని అమ్మే ఆల్బముల్లో ఎంత లైవ్ ఉంటుందో కూడా తనకు తెలుసు. ఐర్లండ్ నుంచే వచ్చిన థిన్ లిజ్జీ బృందం 1978లో వేసిన పేరుమోసిన లైవ్ ఆల్బములో చాలాభాగం తరవాత స్టూడియోలో తిరిగి చేసిందేనని దాని నిర్మాత అన్నాడు, కాదని బృందంవాళ్ళు అన్నారు. ఆ తగవు తెగలేదు. నాకు ఆ ఆల్బము ఇష్టమే, కానీ వింటున్నంతసేపూ ఒక చెవి అనుమానంగానే ఉంటుంది. కచేరీ టేపు ఒక సాక్ష్యం. సాక్షి వాక్యం తరవాత దిద్దితే అది అందంగా ఉండవచ్చు, సాక్ష్యం కాదు.

పోయిన ఏడు నా పుట్టినరోజుకు అమ్మాయి ఒక కానుక చేసింది. చిన్నాయన 1988లో పట్టిన అర్జున తపస్సు క్యాసెట్ నా దగ్గరే ఉంది. నాకు చెప్పకుండా దాన్ని తీసుకుపోయి కంప్యూటరులోకి ఎక్కించి, వారం పది రోజులు కూర్చుని శుభ్రం చేసింది. టేపు బుసబుస పోయింది. జనరేటరు మోత పోయింది. కుక్కల అరుపులు, చంటిపిల్లల ఏడుపులు పోయాయి. పద్యాలు మాత్రం అద్దంలా వినబడుతున్నాయి. నేను జన్మలో మొదటిసారి ఆ పద్యాల్లో ప్రతి మాటా విన్నాను. కళ్ళు తుడుచుకున్నాను కూడా.

రెండోసారి విన్నప్పుడు ఏదో తక్కువైందని తెలిసింది. మూడోసారికి ఏమిటో తెలిసింది. అర్జునుడు ఎక్కడం లేదు. కింద ఉన్నప్పుడు ఎంత గొంతో, మాను కొనకు చేరినాకా అంతే గొంతు. తగ్గిన చోటల్లా పిల్ల సౌండు పెంచి సమం చేసింది. తన పనిలో అదే సరైన పని, ఎవరైనా అట్లాగే చేస్తారు. కానీ నా చేతిని చిన్నాయన పక్కన పెట్టింది సరిగ్గా ఆ చోటే. మాను పోయింది, ఎత్తు పోయింది, కింద తడిబట్టలతో పడుకున్న ఆడవాళ్ళు పోయారు. ఒక మంచి గొంతు ఎక్కడో నిలబడి పద్యాలు పాడుతోంది.

తనకు చెప్పాలా వద్దా అని నాలుగు రోజులు మథనపడ్డాను. చివరికి ద హూ బృందం కథ చెప్పాను. 1970 ఫిబ్రవరి 14న లీడ్స్ విశ్వవిద్యాలయం భోజనశాలలో వాళ్ళు చేసిన కచేరీని ఆ ఏడే ఎల్పీగా వేశారు. టేపులో చిటపటలు పడ్డాయి. ఎల్పీ లేబుల్ మీద చేతిరాతతో ఒక మాట వేశారు: చిటపటలు ఉంటే ఉండనీ, దిద్దకండి అని. తరవాతి కాలంలో కంప్యూటర్లు వచ్చి సీడీ వేసినప్పుడు, అదే చేతిరాత తీరులో, చిటపటలు దిద్దాం అని వేశారు. అమ్మాయి నవ్వలేదు. కాసేపు ఊరుకుని, "గొంతు సమం చేసింది తప్పు. బుస తీసింది మాత్రం తప్పు కాదు" అంది. ఆలోచిస్తే తన మాటే సరైనదని ఇప్పుడు అనుకుంటున్నాను. మైకు మాను మొదట్లో పెట్టాలని ఎంచుకున్నది కూడా ఒక మనిషే కదా. సంచార స్టూడియో బండిలో కూర్చున్నవాళ్ళు కూడా అల్‌స్టర్ హాల్లో ఎన్ని మైకులు జనంవైపు తిప్పాలో ఎంచుకునే ఉంటారు. టేపులో ఉన్నది ఒక చోటి నుంచి విన్న రాత్రి. ఆ చోటును చెరపకూడదు, నేను పట్టుబట్టేది అంతవరకే.

"అయినా మీరు అక్కడ లేరు కదా" అని కచేరీలకు తిరిగే కుర్రవాళ్ళు అంటారు. లేను. గాలహర్‌ను చూడలేదు, ఐర్లండ్ చూడలేదు. అయితే దూరం నుంచి వినడం తక్కువ రకం వినడమని నేను ఒప్పుకోను. చిన్నప్పుడు ఎండాకాలం మిద్దె మీద పడుకుంటే మూడు మైళ్ళ అవతలి ఊరి భారతం గాలివాటుకు వినబడేది. గాలి ఇటు తిరిగితే హార్మోనియం, అటు తిరిగితే కీచురాళ్ళు. కర్ణుడు ఏమన్నాడో సగమే అందేది, మిగతా సగం మా జేజి చీకట్లో పూరించేది. అక్కడికి పోయి ముందు వరసలో కూర్చున్న రాత్రులు చాలా ఉన్నాయి, వాటిలో నిద్రపోయినవే ఎక్కువ. మిద్దె మీద మాత్రం ఒక్కనాడూ నిద్రపోలేదు.

ఐరిష్ టూర్‌లో 'వాక్ ఆన్ హాట్ కోల్స్' పదకొండు నిమిషాలు పైనే నడుస్తుంది, స్టూడియోలో ఏడు నిమిషాలు. నిప్పుల మీద నడువు అని ఆ పేరుకు అర్థం. గుండం చూసి పెరిగినవాడికి ఆ పేరు ఎట్లా తగులుతుందో చెప్పనక్కరలేదు. గుండం తొక్కేవాడు నింపాదిగా నడవడు, పరుగెత్తనూ పరుగెత్తడు, ఆగితే కాలుతుందని తెలిసిన నడక అది. పాట చివరి నాలుగు నిమిషాలు గాలహర్ గిటారు ఆ నడకే నడుస్తుంది. ఎవరికైనా ఆయన్ను పరిచయం చేయాలంటే నేను మొదట పెట్టేది ఇదే. హెడ్‌ఫోన్లు వద్దంటాను. గది మధ్యలో స్పీకరు పెట్టి, కిటికీలు తీసి వినమంటాను.

అమ్మాయి గత నెల వచ్చినప్పుడు తపస్సు టేపు మళ్ళీ చేసి తెచ్చింది. బుస తగ్గించి, తక్కినదంతా ఉన్నదున్నట్టు వదిలేసింది. ఇద్దరం మిద్దె మీద కూర్చుని విన్నాం. గొంతు మెట్టు మెట్టుకూ తగ్గిపోతూ వచ్చింది. కుక్కలు తిరిగొచ్చాయి. చివరిదాకా పోయేసరికి పద్యం దాదాపు వినబడదు, గాలి, జనం గుసగుసలు, ఎక్కడో ఒక బిడ్డ ఏడుపు. అప్పుడు మైకుకు బాగా దగ్గరగా ఎవరో ఆడమనిషి, నేలమీద పడుకున్న మనిషి గొంతే అది, అడిగింది.

"పైకి పోయినాడా?"

"ఇంకా రెండు మెట్లుండాయి" అంది పక్కామె.